గొడుగు నాంచారమ్మకు నోటీసు

చోడవరం బస్టాండు వెనక, సోడా కొట్టుకీ చెప్పులు కుట్టే పాకకీ మధ్య సూరీడమ్మ గేముల షాపు ఉంది. నాలుగు టీవీలు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద 'తిట్టుకోవచ్చు, కొట్టుకోకూడదు' అని ఎర్ర రంగుతో రాసిన బోర్డు. అంతే షాపు. పదకొండేళ్ళ క్రితం సూరీడమ్మ కుట్టుమిషను అమ్మేసి రెండు పాత టీవీలు కొన్నప్పుడు వీధి వీధంతా నవ్వింది. ఆడమనిషికి ఈ ఆటలేమిటని బుగ్గలు నొక్కుకుంది. ఇప్పుడామెకి నలభై ఏడేళ్ళు. అప్పుడు నవ్విన వాళ్ళ మనవలు ఆమె చేతిలో చావుదెబ్బలు తిని ముక్కులు ఎగబీలుస్తూ ఇళ్ళకి పోతున్నారు.

ఆ షాపులో ఆడేది ఒకటే ఆట. జపాను వాళ్ళు పెట్టిన పేరు పలికితే నాలుక మడతపడుతుంది కనక ఊళ్ళో వాళ్ళు 'సర్వవీర సంగ్రామం' అని పిలుచుకున్నారు, ఆ పేరే ప్రభుత్వం దాకా పాకింది. వంటల ఆటలో వంటమనిషి, కారు పందేల ఆటలో డ్రైవరు, చేపలు పట్టే ఆటలో ముసలాయన, అంతరిక్షం ఆటలో పోలీసు, ఇలా ఎవరి ఆటలో వాళ్ళు సుఖంగా బతుకుతున్న వాళ్ళందరినీ ఒకచోటికి పోగేసి కొట్టుకోమంటారు. పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగ వాళ్ళు కూడా వచ్చీరాగానే మొదలెడతారు. ఇరవై ఏళ్ళలో ఆ ఆటకి ఐదు భాగాలొచ్చాయి. ఐదూ సూరీడమ్మ దగ్గరున్నాయి.

ఏ భాగం గొప్పదన్నది అక్కడ తెగని తగవు. మొదటి భాగంలో పన్నెండు మందే వీరులు, నడక కూడా నెమ్మది. ఒక దెబ్బ కొట్టి టీ తాగొచ్చి రెండోది కొట్టొచ్చు. మూడో భాగంలో కొండలు, మబ్బులు, పువ్వులు చూడముచ్చటగా ఉంటాయి గానీ కొడితే కొట్టినట్టుండదు, తడిగుడ్డతో తుడిచినట్టుంటుంది. నాలుగో భాగంలో పాతవాళ్ళని పదిహేను మందిని పీకేశారు, ఆ దుఃఖం ఇంకా తీరని వాళ్ళున్నారు. ఐదో భాగంలో ఎనభై నలుగురు. అందులో మన మనిషిని వెతుక్కోవడమే పెద్ద పోరాటం.

సూరీడమ్మది మాత్రం రెండో భాగమే. ఎందుకంటే నాంచారమ్మ ఉన్నది ఒక్క రెండో భాగంలోనే.

నాంచారమ్మ అంటే ఒక ముసలమ్మ. వానలో రోడ్డు దాటే ఆట ఒకటి ఎప్పుడో వచ్చి, ఎవరూ కొనక చచ్చిపోయింది. అందులో మనిషి. ఒంటి మీద చీర లాంటిదేదో, చేతిలో నల్లగొడుగు, అంతకు మించి ఆస్తి లేదు. ఆమె అందరికీ కనపడదు. తొమ్మిది మందిని వరసపెట్టి, ఒక్కసారి కూడా ఓడకుండా పడగొడితే తెర మీద వాన మొదలవుతుంది, పదో మనిషిగా ఆమె వస్తుంది. ఆమెని కూడా గెలిస్తే ఆ తర్వాత మనం ఆమెనే ఆడించుకోవచ్చు. సూరీడమ్మకి అందుకు మూడేళ్ళు పట్టింది. గెలిచిన రోజు పులిహోర కలిపి వీధికి పంచింది. "కత్తులున్నోళ్ళు, తుపాకులున్నోళ్ళు అందరూ ఒకపక్క. గొడుగుతో ముసిల్ది ఒకపక్క. అలాటోళ్ళు గెలిస్తేనే నాకు అన్నం సహిస్తాది," అనేది.

అలా దాగున్న వీరుల్ని ఒక్కొక్కరినీ గెలిచి తెచ్చుకుంది సూరీడమ్మ. ఆ సంపాదనంతా అగ్గిపెట్టెలో సగముండే ఒక మెమరీ కార్డులో ఉంది.

ఇదిలా ఉండగా ఆటలకు మంచిరోజులు తేవాలని ప్రభుత్వానికి బుద్ధి పుట్టింది. పుట్టాక ఆగడం ప్రభుత్వాల వల్ల అయ్యే పని కాదు. వీడియో ఆటలు కూడా క్రీడలేనని తేల్చి, 'వినోద క్రీడల ప్రమాణీకరణ కార్యాలయం' అని జిల్లాకొకటి తెరిచి, ఉత్తర్వు విడుదల చేసింది. 'ఉద్యోగులలో పోరాటపటిమ పెంపొందించు నిమిత్తము ప్రతి కార్యాలయమునందు సర్వవీర సంగ్రామ పోటీలు జరుపవలెను. సదరు ఆట ఐదు భాగములుగా ఉన్నందున, వానిని తులనాత్మకముగా పరిశీలించి ఉత్తమ భాగమును నిర్ణయించవలెను. అంతవరకు ఏ భాగమునూ బహిరంగముగా ఆడరాదు.'

జిల్లా మొత్తం గాలించగా ఐదు భాగాలూ ఒక్కచోట ఉన్నది సూరీడమ్మ షాపులోనేనని తేలింది. మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి ఆగింది.

జీపులోంచి దిగిన ఆయన పేరు ఆకెళ్ళ చిదంబరం, జాయింట్ డైరెక్టరు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు బదిలీలు, సెలవులు, పదోన్నతులు, శిక్షలు చూసే సెక్షన్లో పనిచేసిన మనిషి. జీవితంలో అష్టాచెమ్మా కూడా ఆడి ఎరగడు. సర్వీసు రూల్సు మాత్రం నిద్రలో లేపి అడిగినా క్లాజులతో సహా అప్పజెబుతాడు. ఆయన వెనక సూపరింటెండెంటు దాడి భూలోకం, చేతిలో ఫైళ్ళు. ఆయన వెనక తపాలా మోసే అటెండరు ఎరుకునాయుడు, చేతిలో లక్క, తాళం, సీలు.

"ఇదేటి బాబూ, నానేటి సేసాను?" అంది సూరీడమ్మ, తాళం చూసి.

"మీరేమీ చేయలేదమ్మా. అందుకే తులనాత్మక పరిశీలన ముగియువరకు మూసివేత మాత్రమే. చేసి ఉంటే శాశ్వత మూసివేత," అన్నాడు చిదంబరం దయగా.

"పరిశీలన ఎన్నాళ్ళు పడతాది?"

"త్వరితగతిన ముగిస్తాం. మా కార్యాలయంలో త్వరితగతిన అంటే ఎన్ని నెలలు, భూలోకం?"

"పద్ధెనిమిది సార్."

సూరీడమ్మ గుండెలు బాదుకుంది. ఆమె గోల చూసి చిదంబరం మనసు కరిగి, ఆమెని కమిటీకి 'సాంకేతిక సాక్షి'గా వేసుకున్నాడు. పనిలో పనిగా ఐదు భాగాల డిస్కులూ, మెమరీ కార్డూ, ఒక టీవీ, దానికి తగిలించే ఆటపెట్టె జీపెక్కించారు.

కమిటీ సమావేశం సోమవారం పదిన్నరకని చెప్పారు కాబట్టి పన్నెండుకి మొదలైంది. గోడ పొడుగునా తులనాత్మక పట్టిక అంటించారు. వీరుని పేరు, మాతృ ఆట, చేరిన తేదీ, సెలవులు, ప్రవర్తన. పట్టిక చూసి సూరీడమ్మకి మతిపోయింది. దెబ్బ బరువెంత, నడక వేగమెంత, ఎగిరితే ఎంతెత్తు ఎగురుతాడు, ఇవేవీ అందులో లేవు.

"ముందుగా మౌలికమైన సందేహం," అన్నాడు చిదంబరం కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఈ వంటమనిషి స్వతహాగా వంటల ఆటకు చెందినవాడు. ఇక్కడికెలా వచ్చాడు?"

"కొట్టుకోడానికొచ్చాడు బాబూ."

"అది విధుల స్వభావం. నేనడిగేది రాక స్వభావం. వేరే ఆటలోంచి వచ్చినవాడు కాబట్టి ఇతను డిప్యుటేషన్ మీద వచ్చినట్టు. మాతృ ఆట నుంచి నిరభ్యంతర పత్రం ఉందా?"

"ఉండదనుకుంటానండి."

"రాసుకో భూలోకం. ఎనభై నలుగురూ నిరభ్యంతర పత్రం లేకుండానే కొట్టుకుంటున్నారు."

భూలోకం రాసుకున్నాడు. రాస్తూనే పట్టికలో మరో ఘోరం పసిగట్టాడు. "సార్, చేపలు పట్టే ముసలాయన మూడో భాగం దాకా ఉన్నాడు. నాలుగులో లేడు. ఐదులో మళ్ళీ ఉన్నాడు."

"నాలుగో భాగం కాలమంతా అనధికార గైర్హాజరన్నమాట! సెలవు చీటీ ఇచ్చాడా అమ్మా?"

"చేపలకి ఎల్లుంటాడండి," అంది సూరీడమ్మ. ఏదో ఒకటి చెబితే వదులుతారని ఆమె ఆశ.

"అనుమతి లేకుండా వేరే వ్యాపకం! అదింకో అభియోగం," అని చిదంబరం హుషారుగా రెండో వేలు మడిచాడు.

సాయంత్రానికి పరిశీలన ఒక కొలిక్కి వచ్చింది. మొదటి భాగంలో ఏ అవకతవకా లేదు గానీ వయోపరిమితి దాటింది. ఐదో భాగంలో జూనియర్ పోలీసుని సీనియర్ వంటమనిషికి పైవరసలో కూర్చోబెట్టారు, కోర్టుకెడితే నిలవదు. నాలుగో భాగంలో తీసేసిన పదిహేను మందికీ తీసేసినట్టు కాగితం లేదు. మూడో భాగంలో అందరి హాజరూ సంతృప్తికరం. దెబ్బలు మెత్తగా పడటం కమిటీ దృష్టిలో సత్ప్రవర్తనకు నిదర్శనం.

"మూడో దానికన్నా నిద్రమాత్ర నయం," అని సూరీడమ్మ గొణిగింది. ఎవరూ రాసుకోలేదు.

అసలు పిడుగు రెండో భాగం దగ్గర పడింది. డిస్కు డబ్బాని భూతద్దంతో చూస్తున్న భూలోకం కెవ్వున కేక పెట్టాడు. "సార్! డబ్బా మీద వీరులు ఇరవై ఆరు అని అచ్చయి ఉంది. ఈవిడ కార్డు పెట్టి టీవీ వేస్తే ముప్ఫై ఎనిమిది మంది కనపడుతున్నారు!"

చిదంబరం లేచి నిలబడ్డాడు. "మంజూరైన పోస్టులు ఇరవై ఆరు. పనిచేస్తున్నవారు ముప్ఫై ఎనిమిది. ఈ పన్నెండుగురూ ఎలా వచ్చారు?"

"దాక్కునుంటారండి. గెలిస్తే బయటికొస్తారు," అంది సూరీడమ్మ. "నానే గెల్సి తెచ్చుకున్నాను. ఒక్కో మనిషికి నెలలు పట్టిందండి. నాంచారమ్మకైతే మూడేళ్ళు..."

"అంటే నియామకాధికారి మీరే!" అన్నాడు చిదంబరం. "నోటిఫికేషన్ లేదు, రోస్టరు లేదు, ఇంటర్వ్యూ లేదు. దాక్కుని ఉన్నవాళ్ళని దొడ్డిదారిన లోపలికి తెచ్చారు. అమ్మా, నా సర్వీసులో దొడ్డిదారి నియామకాలు చాలా చూశాను. తన్నుకుని మరీ తెచ్చుకున్న నియామకం ఇదే చూడటం."

అప్పటికప్పుడు తీర్మానం రాశారు. పన్నెండుగురినీ తొలగించాలి. వాళ్ళని విడివిడిగా తీసే వీలు లేదు కనక మెమరీ కార్డు మొత్తం చెరిపెయ్యాలి. మూడు మీటలు నొక్కితే చాలు, పని అయిపోతుంది.

సూరీడమ్మ చిదంబరం కుర్చీ దగ్గరికి పరిగెత్తింది. "బాబ్బాబూ, అది సెరిపేస్తే నా పదకొండేళ్ళు పోతాయి. నాంచారమ్మ మరింకెక్కడా లేదు. నా సేతులు ఇప్పుడు మునపటిలాగ ఆడవు, మళ్ళీ గెలవలేను. మీ కాళ్ళట్టుకుంటాను," అంది. నిజంగానే వంగింది కూడా. చిదంబరం కాళ్ళు వెనక్కి తీసుకుని రేపు పదిన్నరకి అమలు అన్నాడు.

ఆమె వరండాలోకి వచ్చి మెట్టు మీద కూలబడి ఏడుస్తుంటే, స్టూలు మీద కూర్చున్న ఎరుకునాయుడు గ్లాసుతో టీ తెచ్చి ఇచ్చాడు. యాభై ఐదేళ్ళ మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళు తపాలా మోసి మోసి, ఏ కాగితం ఎవరినెలా పడగొడుతుందో అధికార్ల కన్నా బాగా తెలిసినవాడు.

"ఏడవకే సెల్లమ్మా. నోటీసు ఇయ్యకుండా ఉజ్జోగస్తుణ్ణి ఎవుడూ తీసెయ్యకూడదు. ఆ ఒక్క ముక్కా లోపలికెల్లి అను," అన్నాడు గోడకేసి చూస్తూ.

సూరీడమ్మ ముక్కు తుడుచుకుని లోపలికెళ్ళి అంది.

చిదంబరం కలం కింద పెట్టేశాడు. దెయ్యానికి భయపడని మనిషైనా, రూలు తప్పానంటే మాత్రం వణికిపోతాడు. "సహజ న్యాయసూత్రాలు! ఎంత పొరపాటు చేయబోయాను, భూలోకం! మిగతా పదకొండుగురికి వేరే భాగాల్లో పోస్టింగులున్నాయి, సర్దుబాటు చేయొచ్చు. నాంచారమ్మకు ఇంకెక్కడా పోస్టు లేదు. ఆమెను తీసేస్తే తీసేసినట్టే. కాబట్టి షోకాజ్ నోటీసు తప్పనిసరి. స్వయంగా, స్వహస్తాలకు అందాలి. అందేవరకు కార్డు ముట్టరాదు."

'శ్రీమతి గొడుగు నాంచారమ్మ, వయసు తెలియదు, సర్వవీర సంగ్రామం రెండవ భాగం' అని నోటీసు టైపయింది. ఎరుకునాయుడి చేతికిచ్చారు.

మర్నాడు అతను తెర మీద నాంచారమ్మ బొమ్మని ఎంచుకుని, ఆమె నిలబడగానే నోటీసు టీవీకి చూపించాడు. చిదంబరం ఒప్పుకోలేదు. "ఆమెను ఆడిస్తున్నది నువ్వు. నీకు నువ్వే నోటీసు ఇచ్చుకున్నట్టయింది. చెల్లదు."

"అయితే సూరీడమ్మగారు ఆమెను ఆడిస్తారు సార్, ఈవిడ ద్వారా అందజేద్దాం," అన్నాడు భూలోకం.

"ఆవిడ తరఫున కాయితం పుచ్చుకోడానికి నాకు వకాల్తా లేదు బాబూ," అంది సూరీడమ్మ. ఒక్క రాత్రిలో ఆమెకి కూడా రూలు ఒంటబట్టింది.

మిగిలింది ఒకటే దారి. తొమ్మిది మందిని వరసగా ఓడిస్తే ఆమె తనంతట తాను ఎదురొస్తుంది. అప్పుడివ్వాలి. ఆఫీసులో ప్లగ్గుకి టీవీ బరువు ఆగక మూడుసార్లు ఫ్యూజు పోవడంతో, సూరీడమ్మ షాపు సీలు తీసి 'నోటీసు అందజేయు నిమిత్తము మాత్రమే, కార్యాలయ వేళలలో' తెరవడానికి అనుమతిచ్చారు. నోటీసు అందినప్పుడు సాక్షులుండాలి కాబట్టి పాత బేరగాళ్ళంతా సాక్షులుగా వచ్చి కుర్చీలు నింపేశారు. సాక్ష్యం చెప్పాలంటే ఆట తెలియాలి గనక, మిగతా మూడు టీవీల మీద వాళ్ళు సాక్ష్యం అభ్యాసం చేసేవారు.

ఎరుకునాయుడు జన్మలో జాయ్‌స్టిక్ పట్టి ఎరగడు. గరిటె పట్టుకున్న వంటమనిషిని ఎంచుకుని, మొదటివాడి చేతిలోనే చచ్చాడు. ఆఫీసు రూలు ప్రకారం ఏ రోజు డైరీ ఆ రోజు రాయాలి. రాశాడు. 'ఈ దినము నోటీసు నిమిత్తము బయలుదేరి, కారు డ్రైవరు చేతిలో నాలుగు పర్యాయములు మరణించితిని.' దాని మీద చిదంబరం ఎర్ర సిరాతో అడిగాడు. 'మరణించినచో మరుసటి పర్యాయము విధులకు ఎట్లు హాజరైరి? సంజాయిషీ ఇవ్వుడు.' నాయుడు జవాబిచ్చాడు. 'మరణము తాత్కాలిక ప్రాతిపదికన జరిగినది.' అది రూలుకి సరిపోయింది.

ఇరవై రోజులు గడిచాయి. నాయుడు మూడో మనిషి దాటలేదు. సూరీడమ్మ సంతోషించాలి కదా? అతను ఓడినంత కాలం నాంచారమ్మ క్షేమం. దేవుడికి దణ్ణం పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవాలి. కానీ ఎదురుగా ఒకడు ఆటని చెడగొడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకి చేతకాదు. సంగీతం వచ్చినవాడికి పక్కింట్లో అపశ్రుతి వినపడితే ఎలా ఉంటుందో అలా విలవిల్లాడిపోయేది. ఇరవై ఒకటో రోజున ఇక ఆపుకోలేకపోయింది.

"ఓలమ్మో, ఆ బటన్ కాదు నాయుడన్నా! కింద దాన్ని నొక్కి పట్టుకో. పోలీసోడు తుపాకీ ఎత్తినప్పుడు ఎగరకు, కూకో. కూకుని గరిటెతో కాళ్ళ మీద కొట్టు!"

నాయుడు కూర్చుని కొట్టాడు. పోలీసు పడ్డాడు. సాక్షులంతా చప్పట్లు కొట్టారు. సూరీడమ్మ నోరు చేత్తో మూసుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

మర్నాడు మళ్ళీ నేర్పింది. ఆ మర్నాడూ నేర్పింది. 'ఇదేటే నీకు పోయేకాలం' అని రాత్రిపూట తనని తానే తిట్టుకునేది. పొద్దున్న నాయుడు చెయ్యి తప్పు మీట మీదికి వెళ్ళగానే మళ్ళీ అరిచేది. నాయుడికి కూడా సంగతి తెలుసు. "నీ గొయ్యి నువ్వే తవ్వుతున్నావే సెల్లమ్మా," అన్నాడొకరోజు. "తవ్వితే తవ్వాను గానీ, నువ్వు ముందు మోచెయ్యి కిందకి దించు," అందామె.

నలభై ఒకటో రోజు మధ్యాహ్నం, తనిఖీకొచ్చిన చిదంబరం, భూలోకం ఎదుటే తొమ్మిదో మనిషి పడ్డాడు. తెర మీద మబ్బు పట్టింది. చినుకులు మొదలయ్యాయి. వీధి చివర నుంచి గొడుగు వేసుకుని నాంచారమ్మ నడిచి వచ్చింది, గొడుగు మడిచింది.

నాయుడు జాయ్‌స్టిక్ కింద పెట్టి లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. సంచిలోంచి నోటీసు తీసి, రెండు చేతులా పట్టుకుని, "నమస్కారమమ్మా. నోటీసండి," అన్నాడు.

నాంచారమ్మ గొడుగెత్తి ఒకటిచ్చింది. వంటమనిషి గాల్లోకి లేచాడు. కింద పడేలోపు రెండోదిచ్చింది. ఆరు క్షణాల్లో అంతా అయిపోయింది.

"రాసుకో, భూలోకం!" చిదంబరం ఆనందంతో కుర్చీ ఎక్కినంత పని చేశాడు. "ఇంతమంది సాక్షుల ఎదుట పుచ్చుకోవడానికి నిరాకరించింది. నిరాకరిస్తే అందినట్టే లెక్క. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఇవ్వకపోతే తొలగింపు!"

పదిహేను రోజులూ నాంచారమ్మ సంజాయిషీ ఇవ్వలేదు. ఎలా ఇస్తుంది? సూరీడమ్మ అన్నం మానేసింది. రోజూ షాపు మూసేముందు ఒకసారి నాంచారమ్మని తెర మీదకి తెచ్చి, ఆడకుండా ఊరికే చూసేది. "నానే నేర్పి నీ మీదకి పంపాను తల్లీ. నా నోరు పడిపోను," అని లెంపలు వేసుకునేది.

పదహారో రోజు పొద్దున్న అధికారులొచ్చారు. టీవీ వేశారు. చిదంబరం మూడు మీటల్లో రెండు స్వయంగా నొక్కాడు. 'మొత్తం చెరిపివేయాలా?' అని తెర అడిగింది. ఆయన వేలు మూడో మీట మీద ఉండగా ఎరుకునాయుడు అడ్డంగా వచ్చి వంగి కాగితం చాపాడు.

"ఏమిటిది?"

"ఫిర్యాదండి. నోటీసు ఇయ్యడానికి ఎల్లిన నన్ను ఆవిడ గొడుగుతో కొట్టిందండి. డ్యూటీలో ఉన్న గవర్నమెంటు మనిషిని కొట్టడం చిన్న సంగతి కాదు కదండి. ఇరవై ముగ్గురు సాక్షులు సంతకాలు చేశారు. సూపరింటెండెంటుగారు తమ చేత్తోనే 'రెండు దెబ్బలు' అని రికార్డు చేసున్నారండి."

"దెబ్బ ఎక్కడ తగిలింది?"

"గరిటె మీదండి."

"గరిటె నీదా?"

"డ్యూటీ నిమిత్తం ఆఫీసు నా చేతిలో పెట్టిందండి. ఆఫీసుదే అనుకుంటానండి."

చిదంబరం ఫిర్యాదు రెండుసార్లు చదివాడు. వేలు మీట మీదే ఉంది. కానీ లోపల ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసు మేలుకుంది. "విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దాడి! ఇంత తీవ్రమైన అభియోగం ఉన్న మనిషిని ఇప్పుడు తొలగిస్తే విచారణ నుంచి తప్పించినట్టవుతుంది. రేపు ఆడిట్ వాళ్ళు నన్ను అడగరూ, భూలోకం?"

"తప్పకుండా అడుగుతారు సార్."

"విచారణ ముగియువరకు ఆమెను తొలగించడానికి వీల్లేదు. రాజీనామా చేసినా అంగీకరించడానికి వీల్లేదు. సస్పెండు చేయాలి." వేలు మీట మీంచి లేచింది. ఆయన గొంతులో ఉత్సాహం పొంగింది. "సస్పెన్షన్ కాలంలో ఆమె హెడ్‌క్వార్టర్సు సూరీడమ్మ షాపు, రెండవ భాగము, మెమరీ కార్డు. ముందస్తు అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్సు విడువరాదు. ఎవరూ విడిపించరాదు. రోజూ పదిన్నరకు ఆమె తెర మీద హాజరు చూపాలి. అందుకుగాను షాపు ప్రతిదినం తెరిచి ఉంచవలెను. విచారణాధికారి దాడి భూలోకం."

ఎవరికీ వినపడకుండా సూరీడమ్మ అడిగింది. "విచారణ తొందరగా అయిపోతాదేమో నాయుడన్నా?"

"భూలోకంగారి విచారణే?" నాయుడు మీసం కింద నవ్వాడు. "స్టేప్లరు పోయిందని పందొమ్మిదేళ్ళ కిందట ఒకటి మొదలెట్టారు. ఫిర్యాదు ఇచ్చినాయన పోయాడు, నింద పడినాయన రిటైరైపోయాడు, స్టేప్లరు కూడా దొరికింది. విచారణ నడుస్తానే ఉంది."

ఉత్తమ భాగమేదో నిర్ణయించే నివేదిక కూడా, రెండో భాగపు ఉద్యోగిని మీద కేసు తేలనందున, వాయిదా పడింది. ఆఫీసుల్లో పోటీలు జరగలేదు. పోరాటపటిమ ఎంతుండేదో అంతే ఉండిపోయింది.

సోమవారం పదిన్నరకి హాజరు పుస్తకం పట్టుకుని నాయుడొచ్చాడు. సూరీడమ్మ నాంచారమ్మని తెర మీదికి పిలిచింది. వాన కురిసింది, గొడుగు తెరుచుకుంది, నాయుడు టిక్కు పెట్టాడు. వెనకాలే భూలోకం ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముద్దాయి వాంగ్మూలం తీసుకోవాలట. అందుకామె ఎదురు రావాలి. ఆమె ఎదురు రావాలంటే ముందు తొమ్మిది మందిని గెలవాలి.

భూలోకం జాయ్‌స్టిక్‌ని తలకిందులుగా పట్టుకుని మొదటివాడి మీదికి వెళ్ళాడు. వెళుతూనే గెంతాల్సిన చోట కూర్చున్నాడు, కూర్చోవాల్సిన చోట గెంతాడు. 'ఆ బటన్ కాదు బాబూ' అన్న మాట సూరీడమ్మ నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆమె గబుక్కున చీరకొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుని, గోడకేసి తిరిగి కూర్చుంది.